లిస్టులో లేని ఆకు

పొద్దున ఏడు గంటలకు లచ్చమ్మ మేడ మెట్లు దిగి వచ్చేసరికి ఆమె ఒడినిండా ఆకు ఉంది. మంచుకు తడిసిన లేత ఆవాల ఆకు. ఒక్క కొస నలిపితే చాలు, ముక్కుపుటాలు అదురుతాయి. యాప్రాల్‌లో ఆ వీధిలో ఆవాలు లేని ఇల్లు లేదు కానీ, ఆవాల ఆకు వండుకునే తెలుగు ఇల్లు మాత్రం అదొక్కటే. మిగతా వాళ్లకు ఆవాలంటే పోపు డబ్బాలో ఉండే గింజలు, అంతే.

"ఇయ్యాల దీంతోని ఏం చేస్తున్నరత్తమ్మా?" లంచ్ బాక్సుల మూతలు వెతుకుతూ అడిగింది కోడలు కల్పలత.

"పెసరపప్పేసి పొడికూర. మొన్న పప్పైంది, నిన్న పచ్చడైంది. మీ మామకు రోజొక తీరు గావాలె."

"నాకు సుత ఇంత పెట్టున్రి. మా స్కూల్ ఆఫీసుల మేడమ్‌లు నా బాక్స్ తెరిచే దాకా ఆగుతలేరు."

హాల్లో పేపర్ చదువుకుంటున్న తుకారాం ఆ మాట విని మీసాల్లోనే నవ్వుకున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఐదేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట ఆయన గుండెలో ఒక కవాటం పాడైతే, దాని స్థానంలో లోహపు కవాటం పెట్టారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి రక్తం పలచబరిచే మాత్ర ఒకటి పడాలి. నెలకోసారి రక్తపరీక్ష చేయించాలి. ఆ నంబరు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉంటే ఇల్లంతా హాయిగా ఉంటుంది. అంతకన్నా పెరిగితే రక్తస్రావం, తగ్గితే కవాటం మీద రక్తం గడ్డ కడుతుందని భయం.

ఆపరేషన్ అయిన రోజుల్లో డాక్టర్ ఒక మాట చెప్పాడు. ఆకుకూరల్లో ఈ మాత్రకు ఎదురు పనిచేసే గుణం ఉంటుంది, కాబట్టి మితంగా, ఎప్పుడూ ఒకే లెక్కలో తినమన్నాడు. నర్సు కొన్ని పేర్లు చదివితే కల్పలత తన గుండ్రటి దస్తూరితో రాసుకొచ్చి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. పాలకూర, తోటకూర, మెంతికూర, గోంగూర, బచ్చలికూర, క్యాబేజీ. డాక్టర్ 'మితంగా' అంటే మన ఇళ్లలో 'బంద్' అని అర్థం కదా. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి ఆకుకూర కట్ట రాలేదు.

పాపం తుకారాంకు ఆకుకూర లేనిదే అన్నం దిగదు. వర్క్‌షాపుకు వెళ్లే రోజుల్లో ఆయన టిఫిన్‌లో రోజూ ఏదో ఒక ఆకు ఉండాల్సిందే. రెండేళ్లుగా సొరకాయ, బీరకాయ, పొట్లకాయ తిని తిని మనిషి సగం అన్నం వదిలేసి లేచిపోయేవాడు. ఏమీ అనేవాడు కాదు, అదే లచ్చమ్మకు బాధ. తిట్టే మొగుడితో వేగవచ్చు కానీ, మాట్లాడకుండా కంచం పక్కకు జరిపే మొగుడితో ఎట్లా వేగుతాం.

నవంబర్‌లో ఆమె పోపు డబ్బా కడుగుతూ అడుగున మిగిలిన పాత ఆవాలను మేడ మీద ఎండిపోయిన మిరప మొక్కల కుండీల్లో చల్లేసింది. నెల తిరక్కముందే కుండీలు కనబడకుండా ఆకు వచ్చింది. పక్క బిల్డింగ్ మిలిటరీ ఇంటి పంజాబీ ఆమె పిట్టగోడ మీది నుంచి చూసి, వాళ్ల ఊళ్లో దాన్ని చలికాలమంతా తింటారని చెప్పింది. లచ్చమ్మ ఆగమేఘాల మీద కిందికొచ్చి కోడలిని ఫ్రిజ్ ముందు నిలబెట్టింది.

"బిడ్డా, ఈ కాయితంల ఆవాల ఆకు ఉన్నదా జెర సదువు."

కల్పలత పైనుంచి కిందికి చదివింది. "లేదత్తమ్మా."

"మంచిగ చూడు."

"లేదు. ఆరు పేర్లే ఉన్నయి."

అంతే. ఆ రోజు నుంచి లచ్చమ్మకు పండగే. మొదటిసారి పప్పులో వేస్తే చేదెక్కింది. రెండోసారి మరుగుతున్న ఉప్పు నీళ్లలో ఆకును ఒక్క పొంగు రానిచ్చి వార్చేసింది, చేదు పోయి కమ్మదనం మిగిలింది. ముదురు ఆకైతే చింతపండు పులుసు, కాస్త బెల్లం. లేత ఆకైతే వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి మూత పెట్టకుండా వేపుడు. నువ్వులు వేయించి నూరితే పచ్చడి. సన్నగా తరిగి జొన్నపిండిలో కలిపి కాలిస్తే రొట్టె. తుకారాం మళ్లీ రెండోసారి అన్నం అడగడం మొదలుపెట్టాడు. బుగ్గలు నిండాయి. ఆ ముసలాయన చెయ్యి కంచంలో కలియబెడుతుంటే చూసి లచ్చమ్మ ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో లెక్క లేదు.

ఇంత సంతోషంలో ఒక్కటే పిడుగు. డిసెంబర్ పరీక్షలో నంబరు రెండుకు దిగింది. డాక్టర్ చూద్దామన్నాడు. ఈ జనవరిలో, లచ్చమ్మ పొడికూర వండిన ఆ శనివారం పొద్దునే, కొడుకు విజయేందర్ తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. లచ్చమ్మ కూడా వెళ్లింది. పదకొండింటికి కల్పలత ఫోన్ మోగింది.

"ఒకటి పాయింట్ నాలుగంట," అన్నాడు విజయేందర్.

డాక్టర్ అడగాల్సినవన్నీ అడిగాడు. కొత్త మందులేమైనా వాడుతున్నారా, లేదు. ఆకుకూరలు తింటున్నారా, లేదు. "లిస్ట్ల ఉన్నది ఒక్కటి సుత నా పొయ్యి మీదికి రాలే సారూ," అని లచ్చమ్మ ప్రమాణపూర్వకంగా చెప్పింది. అది నిజం కూడా. ఇక మిగిలింది ఒక్కటే. "మాత్రలు మర్చిపోతున్నారేమో చూసుకోండి, ఇలా ఉంటే ప్రమాదం," అని డాక్టర్ మోతాదు కొంచెం పెంచి, ఈలోపు రక్తం గడ్డ కట్టకుండా మూడు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు రాశాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది వ్యవహారం.

ఆ ఇంట్లో మాత్రలు చూసేది కల్పలత. ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బాలో ఆదివారం వారానికి సరిపడా నింపేది ఆమే, స్కూలు నుంచి రాగానే ఆరింటికి నీళ్ల గ్లాసుతో ఇచ్చేదీ ఆమే. ఆ సాయంత్రం ఆమె మాత్రల పట్టీలు, మందుల షాపు బిల్లులు ముందేసుకుని కూర్చుంది. కొన్నవెన్ని, వాడినవెన్ని, మిగిలినవెన్ని. లెక్క సరిపోయింది. మళ్లీ చూసింది, మళ్లీ సరిపోయింది. అయినా మనసు ఒప్పుకోలేదు. ఎప్పుడో ఒక రోజు వేరే మాత్ర వేశానేమో, మామయ్య మింగాడో లేదో చూడకుండా గ్లాసు తీసుకుపోయానేమో. మనిషికి తన మీద తనకే అనుమానం వస్తే ఇక దానికి అంతు ఉండదు.

నంబరు సంగతి ఫోన్‌లో విన్న విజయేందర్ అక్క వసుధ ఆదివారం పదకొండింటికి అల్వాల్ నుంచి దిగింది. ఆమెకు అక్కడ టైలరింగ్ షాపుంది. దసరా తర్వాత రావడం ఇదే. చేతిలో ఖాళీ బ్యాగు చూడగానే కల్పలతకు సంగతి అర్థమైంది. ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అనలేదు.

"నాయిన బట్టలు సర్దు," అంది వసుధ తమ్ముడితో, కుర్చీలో కూర్చోకుండానే. "కొన్ని దినాలు నా దగ్గరుంటడు."

"ఎందుకక్కా?"

"ఎందుకని నన్నడుగుతవా? రెండేండ్ల సంది మంచిగున్న నంబర్ రెండు నెలల్ల గింత కిందికి దిగింది. మాత్ర సక్కగ పడితే గిట్లెందుకైతది?"

వంటగది గుమ్మంలో నిలబడ్డ కల్పలత ఒక అడుగు ముందుకేసింది. "నేను ఒక్క దినం సుత తప్పలే వదినా."

"నువ్వు కావాల్నని తప్పినవంటలేను. పొద్దంత ఆఫీసుల పనిచేసి అలిసొస్తవ్. యాదికుండదు. నువ్వు సుత మనిషివే గద." వసుధ మాట మెత్తగానే ఉంది. మెత్తగా ఉన్నందుకే ఎక్కువ గుచ్చుకుంది. "నేనైతే ఇంటి కిందనే షాపు, పొద్దంత ఉంట. గుండె విషయం ఇది. రేపు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

కల్పలత భర్త వైపు చూసింది. విజయేందర్ నేల వైపు చూస్తున్నాడు.

"కల్పా, కోపం చెయ్యకు," అన్నాడు మెల్లగా. "ఒకవేళ ఎప్పుడన్న, ఒక్కసారన్న..."

"మీరు సుతనా?"

పెళ్లై పన్నెండేళ్లు. ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రి వరండాలో పదకొండు రోజులు కుర్చీలో కూర్చున్నది తను. ఇప్పుడు మామయ్య బట్టలు సర్దుకుని వెళ్లిపోతే, ఆ బ్యాగు గుమ్మం దాటితే, తన నిర్లక్ష్యం వల్లే వెళ్లాడని ఊరంతా అనుకుంటుంది. ఊరి సంగతి అటుంచి, రేపటి నుంచి ఆయన చేతికి ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వాలన్నా తనకే భయం.

"మాత్ర తప్పలే," అంది లచ్చమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె కంచాలు పెడుతూ అట్లాగే నిలబడిపోయింది.

"నీకెట్ల తెలుసమ్మా?" అంది వసుధ.

"నేను చూసిన. డిసెంబర్ల నంబర్ తగ్గినప్పటి సంది రోజు డబ్బా తెరిచి చూస్తున్న. ఏ దినం గది ఆ దినం ఖాళీ అయితున్నది. మీ నాయిన మింగేటప్పుడు సుత ఈ తలుపు దగ్గర నిలబడి చూసిన. ఒక్క దినం తప్పలే. నా కొడుకు మీద ఒట్టు."

కల్పలతకు ఊపిరి వచ్చింది, వెంటనే ఏదో కలుక్కుమంది. రోజూ చూసిందా. తన వెనకాల, తనకు చెప్పకుండా. అంటే అత్తమ్మకు కూడా తన మీద అనుమానమే. తన తరఫున సాక్ష్యం చెప్పిన మనిషే తనను అందరికన్నా ముందు శంకించిందన్న మాట.

"మరి ఎందుకు తగ్గింది?" అంది వసుధ. ఆమె స్వరంలో కోపం తగ్గి భయం బయటపడింది. నిజానికి మొదటి నుంచీ ఉన్నది భయమే.

అప్పటిదాకా నోరు విప్పని తుకారాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మా లాలాగూడల రిపేరైన రైలు డబ్బా లైన్ మీదికి పోయి, వారంల మళ్ల చప్పుడు చేస్కుంట వాపస్ వచ్చేది అప్పుడప్పుడు. మా పెద్ద మిస్త్రి ఎవ్వరిని తిట్టేటోడు గాదు. 'కొత్తగ ఏం బిగించిన్రు' అని ఒక్కటే అడిగేటోడు. పాతది ఇన్నేండ్లు మంచిగనే నడిచింది గద, దాన్ని ఎందుకు గుంజుడు." ఆయన అందరి మొహాలూ చూశాడు. "మాత్ర పాతది. కోడలు పాతది. రెండు నెలల్ల కొత్తగొచ్చింది ఏందో అది చెప్పున్రి."

కొత్త చెప్పులన్నాడు విజయేందర్. పాల ప్యాకెట్ మారిందంది లచ్చమ్మ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఎందుకంటే ఆమె ఆ మాట అంటూ కంచంలో వడ్డిస్తున్నది పచ్చగా పొగలు కక్కుతున్న వేపుడు. కూతురు వస్తోందని ఆ రోజు మూడు రకాలు చేసింది. పప్పు, వేపుడు, జొన్నరొట్టె.

"అమ్మా, ఇదేం కూర?" అంది వసుధ.

"ఆవాల ఆకు. మేడ మీద పెంచిన."

"ఆవాల ఆకా? అది తింటరా?"

"ఎందుకు తినరు? మీ నాయిన రెండు నెలల సంది రోజు ఇదే తింటున్నడు. అందుకే గద జెర కోలుకున్నడు."

ఆ మాట అన్నాక లచ్చమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. కల్పలత కళ్లు కంచం మీది నుంచి ఫ్రిజ్ తలుపు మీదికి వెళ్లాయి, మళ్లీ కంచం మీదికి వచ్చాయి.

"అత్తమ్మా," అంది నెమ్మదిగా. "అది సుత ఆకుకూరనే గద."

"లిస్ట్ల లేదన్నవ్ గద బిడ్డా."

"లిస్ట్ రాసింది నేనే గద. నర్సు చెప్పినయి ఆరు రాసిన. మన ఇండ్లల్ల ఆవాల ఆకు ఎవరు తింటరని ఆమె చెప్తది?"

నవ్వొస్తుంది కానీ నిజం. ఆ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు, అందులో ఇద్దరు డిగ్రీ చదివినవాళ్లు. అందరూ రెండు నెలలు ఆ కూర తిన్నారు, బాక్సుల్లో తీసుకెళ్లారు, మెచ్చుకున్నారు. ఒక్కరికీ అది ఆకుకూర అన్న ఆలోచన రాలేదు. తరతరాలుగా గింజగా తప్ప ఎరగని వస్తువు మరి.

లచ్చమ్మ గరిటె కింద పెట్టేసింది. "నా చేతులతోని నేనే పెట్టిన," అంది. మొహం పాలిపోయింది. "తింటున్నడని మురిసిన. అడగకున్నా ఇంకింత ఏసిన." తుకారాం ముందున్న కంచం లాక్కుని వంటగదిలోకి వెళ్లింది. అక్కడి నుంచి ఎవరూ ఆపేలోపు మేడ మెట్లెక్కేసింది.

కల్పలత ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆదివారం కాబట్టి డ్యూటీ నర్సు ఎత్తి, కాసేపట్లో డాక్టర్‌తో మాట్లాడిస్తానంది. పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు. కల్పలత స్పీకర్‌లో పెట్టి, ఎప్పటి నుంచి, ఎంత, రోజూనా అని ఆయన అడిగిన వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది.

"ఆవ ఆకులో ఆ గుణం బాగా ఎక్కువమ్మా," అన్నాడు డాక్టర్. "రోజూ తింటే మాత్ర సరిగ్గా పనిచేయదు. నంబరు పడిపోవడానికి అదే కారణమై ఉండాలి. మాత్రలు సక్రమంగానే వేశారన్నారు కదా, మంచిది. కారణం దొరకడమే పెద్ద విషయం."

"మొత్తం బంద్ చేస్తం సార్," అన్నాడు విజయేందర్.

"అదే చేయొద్దు. నిన్న మోతాదు పెంచాను. ఇప్పుడు ఆకు ఉన్నపళంగా మానేస్తే రక్తం మరీ పలచబడుతుంది, అది ఇంకో ప్రమాదం. రేపు పొద్దున తీసుకురండి, మాత్ర నేను సరిచేస్తాను. ఆకు పూర్తిగా మానక్కర్లేదు. వారానికి రెండు రోజులు, ఎప్పుడూ ఒకే కొలత తింటే దానికి తగ్గట్టు మాత్ర పెట్టుకుందాం. మొక్కలు కూడా పీకక్కర్లేదు."

మొక్కల మాట వినగానే విజయేందర్ మెట్ల వైపు పరుగెత్తాడు. "అమ్మా, పీకకు, పీకద్దన్నడు డాక్టర్." అప్పటికే రెండు కుండీలు ఖాళీ అయ్యాయి. మట్టి చేతులతో, చెంపల నిండా కన్నీళ్లతో లచ్చమ్మ పిట్టగోడ పక్కన కూలబడి ఉంది. కింద తుకారాం మాత్రం, డాక్టర్ తినమన్నాక ఇంకా నా కంచం ఎందుకు దాచారని అడుగుతున్నాడు.

వసుధ వంటగదిలోకి కల్పలత దగ్గరికి వచ్చింది. ఖాళీ బ్యాగు మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"నోరు జారిన కల్పా. నాయినకేమన్న అయితదేమోనని భయమైంది. ఆ భయమంత తెచ్చి నీ మీద ఏసిన."

"తెలుసు వదినా," అంది కల్పలత. "నాకు సుత అదే భయం. అందుకే నా మీద నేనే ఏసుకున్న."

వసుధ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. విజయేందర్ అయితే రెండు రోజులు భార్య కళ్లలోకి చూడలేకపోయాడు. మూడో రోజు సాయంత్రం ఆమె రావడానికి ముందే టీ పెట్టి, "నేను అట్ల అనద్దుండె," అన్నాడు. "అనద్దుండె," అంది ఆమె కూడా, టీ తీసుకుంటూ. ఆ విషయం అంతటితో అయిపోయింది.

సోమవారం నుంచి మాత్ర మోతాదు మారింది. బుధవారం, ఆదివారం మాత్రం ఒక చిన్న గిన్నెడు ఆవాల ఆకు కూర. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ లేదు. వారం వారం పరీక్ష. ఒకటి పాయింట్ తొమ్మిది, రెండు పాయింట్ రెండు, అలా పైకి వస్తోంది. నాలుగో వారం ఆసుపత్రిలో తుకారాంను డాక్టర్ లోపలే కూర్చోబెట్టుకుంటే, కాయితం పట్టుకుని కల్పలత బయటికొచ్చింది. వరండాలో బెంచీ మీద లచ్చమ్మ దేవుళ్లందరినీ వరసపెట్టి తలుచుకుంటోంది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"రెండు పాయింట్ ఎనిమిది," అంది కల్పలత. అని, పక్కన కూర్చుని భోరుమంది.

"మంచిగొచ్చింది గద, ఎందుకేడుస్తవ్?"

ఎన్ని రోజుల బరువో అది. నాలుగు వారాలుగా అడగాలని, అడగలేక మింగుతున్న మాట కూడా ఆ కన్నీళ్లతో పాటే వచ్చేసింది.

"అత్తమ్మా, మీరు రోజు ఆ డబ్బా ఎందుకు చూసిన్రు? నా మీద నమ్మకం లేకనేనా?"

లచ్చమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఇన్నాళ్లూ కోడలి మనసులో ఈ ముల్లు ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

"నమ్మకం లేకుంటే మాత్రలు నేనే ఇస్తును గద పిచ్చిదానా," అంది. "వసుధను కన్నది నేను. దాని నోరు నాకెర్క. నంబర్ జెర తగ్గంగనే, ఎప్పుడో ఒక దినం వచ్చి నీ మీద పడతదని నాకు తెలుసు. నా కొడుకు సుత ఎట్లాంటోడో తెలుసు, అక్క ముందల నోరు లెవ్వదు. ఆ దినం నీ దిక్కు మాట్లాడనీకి ఎవరో ఒకరు కండ్లతోని చూసినోళ్లుండాలె గద. వట్టి నమ్మకం ఉన్నదంటే ఎవరింటరు? అందుకే చూసిన. రోజు చూసిన."

కల్పలత ఆమె ముఖంలోకి చూసింది. తన తప్పు పట్టుకోవడానికి కాపలా కాసిందనుకున్న మనిషి, నెల రోజులకు పైగా తన కోసం తలుపు దగ్గర నిలబడింది. ఆమె అత్త భుజం మీద తల వాల్చేసింది. లచ్చమ్మ ఆమె చేతిలోని కాయితం జాగ్రత్తగా తీసి మడత పెట్టి, కొంగుతో కోడలి కళ్లు తుడిచింది.